చెరువు పనికి రీలు కెమెరా: 36 ఫ్రేముల్లో పని కనిపించాలంటే

చెరువు కట్ట మీద కంప కొట్టడం, వంకలో పూడిక తీయడం, గుట్ట వాలులో మొక్కలు నాటడం. ఇవి ఎంత జరిగాయో ఏడాది తర్వాత మాటలతో నమ్మించలేం. ఒకే చోట నిలబడి ముందొకటి, తర్వాతొకటి తీసిన ఫోటోలే నమ్మిస్తాయి. ఫోన్‌లో తీసినవి గ్రూపుల్లో తిరిగి తిరిగి మసకబారతాయి, ఏది ముందో ఏది తర్వాతో తెలియకుండా పోతాయి. నెగెటివ్ మీద ఫ్రేముల వరస మాత్రం మారదు. అయితే ఎక్కడ నిలబడి, ఎటు చూస్తూ తీశారో నోట్‌బుక్కులో రాయకపోతే ఆ వరసా ఉపయోగపడదు. అందుకే ఈ పనిలో కెమెరా ఎంతో నోట్‌బుక్కూ అంతే.

కెమెరా జూమ్ లేనిదైతే మేలు. జూమ్ గొట్టం బయటికీ లోపలికీ కదిలేటప్పుడు దుమ్ము లాగుతుంది. పైగా పోయినసారి జూమ్ ఎంతలో పెట్టారో గుర్తుండదు కాబట్టి రెండు ఫోటోలూ పోల్చడానికి కుదరవు. ఒకప్పుడు మన ఇళ్లలో బాగా కనిపించిన యాషికా ఎంఎఫ్-2 ఈ పనికి సరిపోతుంది. ఫోకస్ మార్చే పనిలేదు, రెండు పెన్సిల్ సెల్స్ చాలు, అవి ఏ ఊరి కొట్లోనైనా దొరుకుతాయి. ఒలింపస్ మ్యూ-2 లాంటివి ఇంకా పదునుగా తీస్తాయి, తుంపరకు తట్టుకుంటాయి. వాటికి కావాల్సిన సీఆర్‌123ఏ మూడు వోల్టుల లిథియం సెల్ మాత్రం పల్లెల్లో దొరకదు. ఒకటి అదనంగా సంచిలో ఉండాల్సిందే.

పాత కెమెరా ఏది తెచ్చుకున్నా ముందు వెనక మూత తెరిచి అంచుల్లోని నల్ల స్పాంజి చూడండి. వేలికి జిగటగా అంటుకుంటే అది కుళ్లిందని అర్థం. అక్కడి నుంచే వెలుతురు దూరి ఫోటోల మీద ఎర్రటి, నారింజ రంగు చారలు పడతాయి. కొత్త స్పాంజి వేయించేదాకా, రీలు ఎక్కించాక మూత సందుల మీద కరెంటు పనివాళ్ల నల్ల టేపు అతికిస్తే పని గడుస్తుంది. సెల్స్ పెట్టే గదిలో పచ్చటి తుప్పుంటే వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, బాగా ఆరనివ్వాలి.

రీలు స్పీడంటే అది వెలుతురును ఎంత తొందరగా పట్టుకుంటుందో చెప్పే అంకె. బయలు చెరువుకు 200 స్పీడు రీలు చాలు. చెట్ల నీడలోనూ, తెల్లవారుజామునా పనైతే 400 తీసుకోండి. స్పీడు చేత్తో మార్చే కెమెరాలో రీలు ఎక్కించగానే ఆ మీట సరిచూడాలి. కొత్త ఆటోమేటిక్ కెమెరాలు రీలు డబ్బా మీది నలుపు–వెండి గళ్లను చదివి స్పీడు తెలుసుకుంటాయి. విడిగా చుట్టి అమ్మే రీళ్లకు ఆ గళ్లు లేకపోతే చాలా కెమెరాలు దాన్ని 100గా లెక్కేసుకుంటాయి. 400 రీలైతే నాలుగింతలు వెలుతురు ఎక్కువ పడుతుంది. కలర్ నెగెటివ్ ఆ ఎక్కువను ఓర్చుకుంటుంది. తక్కువను మాత్రం ఓర్చుకోదు: నీడలన్నీ బురదలా, గింజలు గింజలుగా వస్తాయి. అనుమానం ఉన్నప్పుడు ఎక్కువ వైపే మొగ్గండి.

మన దగ్గర రీలుకు అసలు శత్రువు వేడి. తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కారు డాష్‌బోర్డు మీదా బైకు ట్యాంకు సంచిలోనూ అంతకంటే చాలా ఎక్కువ. అక్కడ ఉంచేసిన రీలుకు రంగులు తేడా కొట్టొచ్చు. రీళ్లను జిప్ కవరులో వేసి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, డబ్బాకు తడి నూలుగుడ్డ చుట్టి నీడలో ఉంచండి. ఫ్రిజ్‌లోంచి తీసిన రీలును డబ్బా మూత తెరవకుండా కనీసం గంటన్నర బయట ఉంచాలి. లేదంటే గాలిలోని తేమ ఫిల్మ్ మీద నీరై కూర్చుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేయండి. తిరుమల కొండ మీదికి వెళ్లే పని ఉంటే రీళ్లు కింద ఎవరి దగ్గరైనా వదిలి వెళ్లండి. అలిపిరి దగ్గర సంచులు ఎక్స్‌రేలోంచి పోతాయి, ఆ దెబ్బ ఒకదాని మీద ఒకటి పోగవుతుంది.

రీలు నీడలో, ఎండకు వీపు పెట్టి ఎక్కించండి. మూత తెరిచే ముందు బయటి దుమ్ము బ్రష్‌తో తుడవాలి. ఒక్క ఇసుక రేణువు లోపల చిక్కుకుంటే 36 ఫ్రేములకూ పొడుగ్గా ఒకే గీత పడుతుంది. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. ఫిల్మ్ కొసను గుర్తు దాకా లాగి, వదులు లేకుండా పరిచి మూత వేయాలి. చేత్తో తిప్పే కెమెరాలో వెనక్కి చుట్టే పిడిని మెల్లగా తిప్పి వదులు తీసేయండి. తర్వాత ముందుకు తిప్పిన ప్రతిసారీ ఆ పిడి దానంతటదే తిరగాలి. తిరగలేదంటే ఫిల్మ్ పళ్లకు పట్టలేదని అర్థం. పొద్దంతా తీసినా ఒక్క ఫోటో రాదు. నెంబరు 36 దాటి ఎంతకీ ఆగకుండా తిరుగుతోందంటే కూడా కారణం అదే.

ఇక నిలబడే చోటు. కదలనిది, కూలనిది ఎంచుకోండి: తూము గట్టు, మరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు) గోడ చివర, కల్వర్టు మూల. పెయింటుతో అరచేయంత గుర్తు వేసి దానికో అక్షరం ఇవ్వండి. గుర్తుంటే చాలదు, చూపు కూడా కట్టేయాలి. దగ్గరిదొకటి, దూరందొకటి ఒకే గీత మీదికి తెచ్చుకోండి. ఉదాహరణకు తూము రాతి కుడి అంచు, దాని వెనక కొండ మీది నొక్కు. వ్యూఫైండర్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కిటికీలో, ఆ రెండూ కలిసేదాకా అటూ ఇటూ జరగండి. తర్వాతిసారి ఎవరు వచ్చినా అడుగు తేడా లేకుండా అక్కడే నిలబడతారు. ఆకాశం ఫ్రేములో మూడో వంతు మించొద్దు. మీటరు పొడవు కర్రకు పది సెంటీమీటర్లకొకసారి ఎరుపు, తెలుపు రంగు వేసి మొక్క పక్కనో నీటి అంచునో నిలబెట్టండి. ఒక్కో గుర్తు దగ్గర రెండు ఫ్రేములు తీస్తే ఒకటి పాడైనా ఇంకొకటి ఉంటుంది.

ఏడాదికి మూడుసార్లు తీస్తే సరిపోతుంది: మే ఆఖర్లో ఎండిన చెరువు, ఆగస్టు ఆఖర్లో, ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక డిసెంబరు మధ్యలో. పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య వెలుతురు బాగుంటుంది. తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలున్నాయి కాబట్టి కొండవైపు తీస్తే ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ వీపు మీదే ఉంటుంది. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా మాత్రం మధ్యాహ్నం సూర్యుడు నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఆ నెలల్లో మిట్టమధ్యాహ్నం తీయొద్దు. రిజర్వు ఫారెస్టులో అడుగు పెట్టాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. ఎర్రచందనం ఉన్న అడవి ఇది, కెమెరా ఉన్న కొత్త మనుషుల్ని ఆపడం వాళ్ల పని.

ఆటోఫోకస్ కెమెరా ఫ్రేము నడిమధ్యన ఏముంటే దాన్నే పట్టుకుంటుంది. ఎదురుగా బోదగడ్డి ఉంటే గడ్డి పదునుగా వచ్చి చెరువు మసకైపోతుంది. దూరానికి ఫోకస్ పెట్టే కొండగుర్తు మోడ్ ఉంటే అది పెట్టండి. మనిషి పక్కకుంటే ముందు మనిషి మీద బటన్ సగం నొక్కి పట్టుకుని, తర్వాత ఫ్రేము సర్దుకుని పూర్తిగా నొక్కండి. మొక్క ట్యాగు దగ్గరగా తీయాలని ఉన్నా, ఫిక్స్‌డ్ ఫోకస్ కెమెరాతో మీటరున్నర లోపలికి పోవద్దు. వ్యూఫైండర్ వేరు, లెన్సు వేరు కాబట్టి దగ్గరగా తీసినప్పుడు మీరు చూసింది కొంచెం పక్కకు జరిగి పడుతుంది. వ్యూఫైండర్ లోపలి చిన్న గీతల మధ్యలోనే ఉంచండి. లెన్సుకు అడ్డమొచ్చిన వేలూ తాడూ కూడా వ్యూఫైండర్‌లో కనిపించవు. ఎండలో టోపీ, తలగుడ్డ కింద మొహాలు నల్లబడతాయి కాబట్టి రెండు మూడు మీటర్లలో ఉన్నవాళ్లకు ఫ్లాష్ వేయండి. మెరిసే బోర్డులకు ఆపేయండి.

ప్రతి రీలు మొదటి ఫ్రేము కాగితం ఫోటో అవ్వాలి: రీలు నెంబరు, తేదీ, ఊరు, తీసినవాళ్ల పేరు మందపాటి అక్షరాల్లో. కెమెరా చూపే నెంబరుకూ నెగెటివ్ అంచు నెంబరుకూ ఒకటి తేడా రావచ్చు. ఈ కాగితం ఫ్రేమును ఒకటిగా పెట్టుకుని లెక్కేస్తే పొరపాటు జరగదు. నోట్‌బుక్కులో ఒక్కో వరుస ఇలా ఉండాలి: "రీలు 4, ఫ్రేము 11, గుర్తు బి, పొద్దున 7.40, ఉత్తరం, నీళ్లు తూము మూడో మెట్టు దాకా." బటన్ నొక్కిన వెంటనే, పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను ఇంకు చెమటకూ వానకూ కరిగిపోతుంది. తేదీ ముద్రించే పాత కెమెరాల్లో కొన్నిటికి 2019 తర్వాతి సంవత్సరాలు లేవు, అది ఆపేయండి.

రీలు అయిపోగానే పూర్తిగా వెనక్కి చుట్టి, డబ్బా మీద మార్కరుతో నెంబరు వేయండి. కొస బయట ఉన్న రీలును పొరపాటున మళ్లీ ఎక్కిస్తే ఉన్న ఫోటోల మీద కొత్తవి పడతాయి. తీసిన రీలును నెలల తరబడి ఉంచొద్దు, రెండు మూడు వారాల్లో కడిగించాలి. దగ్గర్లో కడిగేవాళ్లు లేకపోతే చెన్నైకో బెంగళూరుకో కొరియర్‌లో పంపండి. చీటీ మీద మూడు మాటలు రాయండి: నెగెటివ్‌ను ఆరు ఫ్రేములకో పట్టీగా కత్తిరించాలి, స్కాన్లు ఫ్రేముల వరసలోనే ఇవ్వాలి, నెగెటివ్‌లు తప్పకుండా వెనక్కి పంపాలి. వచ్చాక ప్రతి పట్టీ కవరు మీద రీలు నెంబరు వేసి, నోట్‌బుక్కుతో పాటే ఒకే పెట్టెలో పెట్టండి.