బొంత బోర్డరు అలలు పోతే, మధ్య ఉబ్బితే, మూల కుదరకపోతే

బ్లాకులన్నీ (ముక్కలు అతికి చేసిన చదరాలు) పొందిగ్గా కుదిరిన బొంత కూడా చుట్టూ బోర్డరు పట్టీ వేశాక నేల మీద పరిస్తే వేయించిన అప్పడంలా లేస్తుంది. చాలామంది మిషను టెన్షన్‌ను తిడతారు. తప్పు మాత్రం కుట్టులో కంటే కొలతలోనే ఎక్కువ. బోర్డరు ఎంత పొడవుండాలో బొంత నడుమను కొలిచి తేల్చాలి, అంచును కొలిచి కాదు. కింద చెప్పే చాలా తిప్పలు ఇక్కడ తప్పటడుగు వేయడం వల్ల వచ్చేవే.

లెక్కల కోసం ఒకే బొంతను తీసుకుందాం. 9 అంగుళాల బ్లాకులు అడ్డం 6, నిలువు 8. అంటే 54 × 72 అంగుళాలు. చుట్టూ పావు అంగుళం కుట్టు మార్జిన్ కలిపితే పై బట్ట 54.5 × 72.5. కుట్టాక బోర్డరు 5 అంగుళాలు కనిపించాలి కాబట్టి పట్టీ 5.5 వెడల్పున కత్తిరిస్తాం.

బోర్డరు అలలు అలలుగా లేస్తోంది

బొంతను లాగకుండా నేల మీద పరచండి. నిలువు కొలత మూడు చోట్ల తీసుకోండి: సరిగ్గా నడుమ ఒకటి, దానికి అటూ ఇటూ ఒక్కో బ్లాకు దూరంలో ఒక్కోటి. ఇప్పుడు బోర్డరు కలిసిన కుట్టు వెంట టేపు పెట్టండి. నడుమ 72.5 ఉండి కుట్టు వెంట 73.5 వస్తే, ఆ అదనపు అంగుళమే అలగా లేస్తోంది.

ఎందుకొస్తుంది? పొడవాటి పట్టీని కొలవకుండా అంచుకు ఆనించి కుట్టుకుంటూ పోయి, చివర మిగిలింది కత్తిరించేస్తే ఇలాగే అవుతుంది. మిషను పళ్లు కింది పొరను పై పొర కంటే కాస్త ఎక్కువ లాక్కుంటాయి. పట్టీ కింద ఉంటే అవసరానికి మించి పట్టీ లోపలికి పోతుంది. దీనికి తోడు, పదిసార్లు చేతిలో తిరిగిన పై బట్ట అంచు అప్పటికే సాగి ఉంటుంది. అంచున త్రికోణం ముక్కలుండి వాటి ఐమూల వైపు బయటికి వచ్చి ఉంటే మరీ సాగుతుంది.

సరిచేయాలంటే విప్పక తప్పదు. ఇస్త్రీ చేసి అల అణిగిందనుకోవడం మొదటి ఉతుకు వరకే. విప్పాక పై బట్ట చుట్టూ అంచుకు అరపావు అంగుళం లోపల ఒక మిషను కుట్టు వేయండి. ఇక అది సాగదు. మూడు కొలతల సగటు తీసి నిలువు పట్టీలు రెండూ ఆ పొడవుకే, రెండూ కలిపి ఒకేసారి కత్తిరించండి. పట్టీని, బొంత అంచును సగానికి, మళ్లీ సగానికి మడిచి గుర్తులు పెట్టండి. గుర్తుకు గుర్తు, కొసకు కొస కలిపి ముందు గుండుసూదులు గుచ్చి, ఆ తర్వాత 3 అంగుళాలకొకటి గుచ్చండి. రెంటిలో ఏది కాస్త పొడవుగా ఉంటే దాన్ని కిందికి పెట్టి కుట్టండి. పళ్లే ఆ ఎక్కువను సర్దేస్తాయి. 72 అంగుళాల పొడవులో అర అంగుళం వరకు ఇలా ఇమిడిపోతుంది.

మూడు కొలతల మధ్యే అంగుళం తేడా వస్తే బోర్డరు జోలికి పోకండి, బ్లాకుల కుట్లు చూడండి. నిలువు వరసలో 8 బ్లాకులకు 7 కుట్లు. కుట్టుకు అరపావు అంగుళం తేడా వచ్చినా ఏడింటికీ కలిసి 7/8 అంగుళం అవుతుంది. తేడా ఉన్న వరసలో ఒకటి రెండు కుట్లు మార్చాకే బోర్డరు.

మధ్య ఉబ్బి, అంచులు లోపలికి లాగుతున్నాయి

అలకు ఇది తలకిందులు. పట్టీ పైన, బొంత కింద పెట్టి కొలత లేకుండా కుడితే పళ్లు బొంతను ఎక్కువ లాక్కుని, పట్టీ పొట్టిగా పడుతుంది. మందు అదే: విప్పి, కొలిచి, గుర్తులతో కుట్టడం. బోర్డరు వేసినప్పుడు చదునుగానే ఉండి, దూది పెట్టి కుట్టాక ఉబ్బితే మాత్రం కారణం వేరు. అది కింద వస్తుంది.

మూలలు చదరంగా రావడం లేదు

నిలువు పట్టీలు రెండూ కుట్టి, ఇస్త్రీ చేశాకే అడ్డం కొలత తీయాలి. అదీ నడుమనే, బోర్డర్లతో కలిపి. మన బొంతకు 64.5 రావాలి. పై పట్టీ, కింది పట్టీ రెండూ అదే పొడవు. ముందే కాగితం మీద లెక్కేసి నాలుగు పట్టీలూ ఒకేసారి కోసేసిన వాళ్లకే ఇక్కడ చిక్కు. అంతా పూర్తయ్యాక 64 × 82 వచ్చిన బొంతకు మూల నుంచి మూలకు రెండు ఐమూల కొలతలూ 104 అంగుళాలు రావాలి. రెండూ పావు అంగుళంలోపు కలిస్తే చాలు. దానికోసం రాత్రంతా కూర్చోనక్కర్లేదు.

ఏటవాలుగా కలిసే మూల అయితే పట్టీ పొడవులో రెండు బోర్డరు వెడల్పులు కలపాలి: 72.5కు రెండు 5.5లు, పైన 3 అంగుళాల వెసులుబాటు, మొత్తం 86.5. కుట్టు మూలకు సరిగ్గా పావు అంగుళం ముందు ఆగాలి. ఒక్క కుట్టు దాటితే ముడత, ఒక్క కుట్టు ముందే ఆగితే చిల్లు. అలాంటప్పుడు మూలంతా విప్పొద్దు. ముడత అయితే ఆ ఒకటి రెండు కుట్లు తీసేసి, చిల్లయితే మరొక కుట్టు చేర్చి ముడి వేయండి. ఏటవాలు కుట్టును లోపలి మూల నుంచి బయటికి కుట్టండి. సాగిందంతా బయటికి పోతుంది, అక్కడ కత్తిరించేస్తారు.

బోర్డరు బట్ట చాల్లేదు, అతుకులు కనిపిస్తున్నాయి

పడుగు వైపు, అంటే బట్ట పొడవునా తీసిన పట్టీ తక్కువ సాగుతుంది, అతుకుండదు. 72.5 అంగుళాలంటే 1.84 మీటర్లు. ఉతికితే కాస్త కుంగుతుంది కాబట్టి 44 అంగుళాల పన్నా కాటన్ 2 మీటర్లు కొనండి. నాలుగు పట్టీలకు 22 అంగుళాల వెడల్పు పోగా, మిగిలిన దాంట్లో 2.25 అంగుళాల బైండింగ్ పట్టీలు (చివరన బొంత అంచును చుట్టి కుట్టేవి) 5 సులువుగా వస్తాయి. పేక వైపు, అంటే పన్నాకు అడ్డంగా తీస్తే 8 పట్టీలు, 1.3 మీటర్లతో అయిపోతుంది, కానీ ప్రతి వైపూ ఒక అతుకు. చిన్న పూల ప్రింటైతే అతుకు 45 డిగ్రీల ఏటవాలుగా వేస్తే కంటికి ఆనదు. గీతలు, గళ్ల బట్టకు మాత్రం నిటారు అతుకే మేలు. ఏటవాలుగా వేస్తే గీత తెగినట్టు దొరికిపోతుంది.

బొంత కంటే బోర్డరే కనిపిస్తోంది

బోర్డరు బట్టను బ్లాకులన్నీ కలిపాకే ఎంచండి. నాలుగు బట్టలను పక్కన పరిచి ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీస్తే, ఏది మరీ ముదురో, ఏది మరీ వెలిసినట్టుందో తెలిసిపోతుంది. వెడల్పు బ్లాకు సైజు దాటకూడదు. 9 అంగుళాల బ్లాకుకు 4.5 నుంచి 6 వరకు బాగుంటుంది. నచ్చిన బట్ట మరీ గట్టిగా కనబడితే మధ్యలో అంగుళం పాటి సన్న పట్టీ వేయండి. బ్లాకుల్లో ఉన్న ముదురు రంగే దానికి చాలు.

పాత చీర జరీ అంచును బోర్డరుగా వేయాలనే ముచ్చట చాలామందికి ఉంటుంది. జరీ అంచు, పక్కనున్న కొత్త కాటన్ ఒకేలా కుంగవు. 72 అంగుళాల కాటన్ నూటికి 4 వంతులు కుంగితే దాదాపు 3 అంగుళాలు పోతాయి, జరీ మాత్రం అలా నిలబడి అల పోతుంది. ముందు కాటన్‌ను నీళ్లలో నానబెట్టి ఆరేశాకే కోయండి. పెడన కలంకారీ ఎరుపులు, నలుపులైతే తడి తెల్లబట్టతో రుద్ది చూడండి. మరక అంటితే నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాల్సిందే.

దూది పెట్టి కుట్టాక బోర్డరు చెడింది

మధ్య భాగం అంగుళానికో వరసన కుట్టి, బోర్డరును ఖాళీగా వదిలేస్తే మధ్య ముడుచుకుంటుంది, బోర్డరు వదులై అలలు పోతుంది. బోర్డరునే దట్టంగా కుడితే అది ముడుచుకుని మధ్య ఉబ్బుతుంది. ఇక్కడ విప్పే పని లేదు. ఎక్కడ తక్కువ కుట్టారో అక్కడ వరసలు చేర్చండి. ఒక మూల కుట్టి, పరిచి చూసి, మిగతాది అలాగే నింపండి.

అడుగున ముడతలు పడితే కచ్చా కుట్టు చాల్లేదన్నమాట. అడుగు బట్ట, దూది పొర పై బట్ట కంటే ప్రతి వైపూ 3 అంగుళాలు ఎక్కువ ఉండాలి. నడుమ నుంచి బయటికి 4 అంగుళాలకో వరస కచ్చా కుట్టు వేసి, పరుగు కుట్టు కూడా అదే దారిన నడపాలి. ముందు బోర్డరు కుట్టేసి లోపలికి వస్తే వదులంతా మధ్యలో చిక్కుకుంటుంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడలో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్ది మహిళలు కవంది బొంతను అంచు నుంచే మొదలుపెట్టి తిరుగుతూ మధ్యకు వస్తారు కదా అంటే, వాళ్లు ముక్కలను అడుగు బట్ట మీదే అప్పటికప్పుడు మడిచి కుడతారు. ముందే అతికిన పై బట్టకు ఆ దారి నప్పదు.

బోర్డరు మీద కుట్టే తీగ డిజైను మూలలో తెగిపోతుంటే లెక్క ముందే వేయాలి. నాలుగు మూలల 5 × 5 చదరాలను పక్కన పెడితే మిగిలేవి 54, 72. రెండూ 6తో భాగించబడతాయి కాబట్టి 6 అంగుళాల తీగ అడ్డం 9 సార్లు, నిలువు 12 సార్లు వస్తుంది. మీ బొంత 55 వస్తే ఒక్కో తీగకు అంగుళంలో తొమ్మిదో వంతు కలపండి, ఎవరికీ తెలియదు. మూలలో ఒక పువ్వు పెట్టి, తీగలను నడుమ నుంచి రెండు వైపులకు గీయండి.

చేత్తో కుట్టేవాళ్లకు చివరి నాలుగైదు అంగుళాలే నరకం. చట్రంలో బట్ట పట్టదు, వదులుగా కుడితే కుట్లు పెద్దవవుతాయి. 6 అంగుళాల వెడల్పు పాత పంచె ముక్కను అంచుకు కచ్చా కుట్టుతో తగిలించండి. చట్రం ఆ ముక్కను పట్టుకుంటుంది, బోర్డరు బిగుతుగా నిలుస్తుంది. కుట్టడం అయ్యాక దాన్ని విప్పేసి, దూది, అడుగు బట్ట ఎక్కువను అప్పుడే కత్తిరించండి.