విశాఖ నుంచి ఒక్కరోజులో బౌద్ధ కొండలు చూసి రావడం ఎలా?

బౌద్ధ క్షేత్రం అనగానే అమరావతో నాగార్జునకొండో గుర్తొస్తుంది గానీ, విశాఖలో ఉన్నవాళ్లు అంత దూరం పోనక్కర్లేదు. ఒక్కరోజులో మూడు కొండలు, సొంత బండి ఉంటే నాలుగు హాయిగా చూడొచ్చు. ఎలాగూ బయల్దేరాం కదా అని భీమిలి పావురాళ్లకొండ కూడా కలిపారంటే మాత్రం ఏదీ చూసినట్టుండదు.

చాలామంది పొద్దున్నే బీచ్ రోడ్డెక్కి తొట్లకొండతో మొదలుపెడతారు. మీరు దాన్ని తిరగేయండి. పొద్దున అనకాపల్లి వైపు, సాయంత్రం సముద్రం వైపు.

ఆరింటికల్లా బయల్దేరాలి. అనకాపల్లికి రైలుంది, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బస్సులున్నాయి. అక్కడ టిఫిన్ కానిచ్చి శంకరం ఊరికి ఆటో మాట్లాడుకోండి, రానూపోనూ కలిపి మాట్లాడుకోండి. ఒకసారి నేను ఒకవైపుకే మాట్లాడుకుని, తిరిగొచ్చేటప్పుడు ఎండలో చాలాసేపు రోడ్డు పక్కన నిలబడ్డాను.

సంఘారామం, అంటే బౌద్ధ భిక్షువులుండే విహారం, అన్న మాటే వాడుకలో శంకరం అయిందంటారు. అక్కడున్నవి బొజ్జన్నకొండ, లింగాలకొండ. బ్రిటిష్ కాలపు పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తవ్వకాలు జరిపే దాకా వీటి సంగతి బయటి లోకానికి పెద్దగా తెలియదు. మెట్లెక్కగానే రాతిలో తొలిచిన గుహలు కనిపిస్తాయి. పెద్ద గుహ గుమ్మానికి రెండు పక్కలా ద్వారపాలకులు, పైన కూర్చున్న బుద్ధుడు, లోపల 16 స్తంభాల మధ్య ఏకశిలా స్తూపం. గుమ్మం దగ్గర సెల్ఫీ దిగి వెనక్కి వచ్చేయకండి, లోపలికెళ్లి కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. ఆ తర్వాత ఇటుక కట్టడాలున్న పైభాగానికి ఎక్కండి.

పక్కనే లింగాలకొండ. చాలామంది దూరం నుంచే చూసి వదిలేస్తారు గానీ, నన్నడిగితే అసలు వింత అదే. కొండరాయినే చెక్కి వరసలు వరసలుగా చిన్నా పెద్దా స్తూపాలు చేశారు. జనానికి అవి శివలింగాల్లా కనిపించాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. బుద్ధుడేమో బొజ్జన్న అయ్యాడు! దీనికి ఓ అరగంట ఇవ్వండి.

పదిన్నర దాటితే రాయి కాలుతుంది, దిగిపోండి. అనకాపల్లి బెల్లం ఓ రెండు కిలోలు కొనుక్కుని సిటీకి తిరిగొచ్చి, భోజనం చేసి కాసేపు నడుం వాల్చండి.

మూడింటికి భీమిలి రోడ్డు పట్టండి. బండి ఉంటే తిమ్మాపురం దగ్గర లోపలికి తిరిగి ముందు బావికొండ చూసుకోండి, అక్కడ ధాతుపాత్ర, అంటే అస్థికలు దాచిన పాత్ర, దొరికింది. బస్సులో వెళ్లేవాళ్లు అది వదిలేసి నేరుగా తొట్లకొండ అడ్డరోడ్డు దగ్గర దిగాలి. పైకి ఘాట్ రోడ్డు, నడక తప్పదు. నీళ్లు కిందే కొనుక్కోండి.

తొట్లకొండ సంగతి 1970ల్లో నౌకాదళం చేసిన సర్వేలో బయటపడింది, తవ్వకాలు 1988 నుంచి 1993 వరకు జరిగాయి. పైన మహాస్తూపం, భిక్షువుల గదుల పునాదులు కనిపిస్తాయి. ఇక్కడ రోమన్ నాణేలు కూడా దొరికాయి, అంటే కింద కనిపించే ఆ సముద్రం మీదుగానే వర్తకులు వచ్చిపోయేవాళ్లన్నమాట. కొండకి పేరు తెచ్చినవి మాత్రం తొట్లు. వాననీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లవి. అంత ఎత్తున అంతమంది ఎలా బతికారా అన్న అనుమానం అవి చూస్తే తీరిపోతుంది, కాబట్టి వెతికి మరీ చూడండి.

పాత ఇటుకల మీద ఎక్కి కూర్చోవద్దు, పిల్లల్ని కూడా ఎక్కనివ్వొద్దు. చీకటి పడకముందే గేటు మూసేస్తారు గనక ఐదింటికల్లా చూడడం ముగించుకుని, గాలికి కాసేపు కూర్చుని దిగండి. కింద రోడ్డు మీద సిటీ బస్సు దొరుకుతుంది, ఆదివారమైతే సీటు మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.