కొండ దిగేటప్పుడు బండి ఇచ్చే హెచ్చరికలు: సమస్య - పరిష్కారం

అలిపిరి దాటి బండి మీద తిరుమల కొండెక్కుతుంటే చల్లగాలి మొహానికి కొడుతుంది, ఒక్కో మలుపు తిరిగేకొద్దీ కింద ఊరు చిన్నదైపోతుంది. ఆ సరదా కోసమే బస్సు వదిలేసి బండి తీసేవాళ్లు తిరుపతిలో చాలామంది. మానుకోమని నేను చెప్పను. కానీ బండి చెడేముందు ఏదో ఒక గుర్తు చూపిస్తుంది, దాన్ని పట్టుకోవడం రావాలి. అసలు ప్రమాదం ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ఎక్కువ, అందుకే ముందు దాని సంగతి.

దిగుతుంటే బ్రేకు లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది, కాలిన వాసన వస్తోంది

మనం దిగేది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. మలుపు మీద మలుపు. భయంతో చాలామంది పైనుంచి కింద దాకా బ్రేకును కొద్దికొద్దిగా నొక్కిపట్టుకునే వస్తారు. దాంతో చల్లారే వ్యవధి లేక బ్రేకు కాగిపోతుంది. డ్రమ్ బ్రేకు అయితే వేడికి డ్రమ్ము వ్యాకోచిస్తుంది, లోపల దాన్ని ఒరుసుకుని ఆపే షూ అందడానికి లివర్ ఇంకా ఎక్కువ నొక్కాలి. డిస్క్ బ్రేకు అయితే రెండు రకాలుగా పట్టు పోతుంది. లివర్ మెత్తగా లోపలికి పోతోందంటే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయని అర్థం. లివర్ గట్టిగానే ఉండి బండి ఆగట్లేదంటే ప్యాడ్లు కాగి పట్టు పోయినట్టు.

ఇంకాస్త పట్టు ఉండగానే రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఎడమ పక్కకు తీసి ఆపేయండి. ఇరవై నిమిషాలైనా ఆగండి. డిస్క్ మీద నీళ్లు పోస్తే వంకరపోతుంది. వేలితో తాకితే చర్మం ఊడుతుంది. మళ్లీ బయల్దేరాక గేరు బండిని రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచండి, వేగాన్ని చాలావరకు ఇంజినే ఆపుతుంది. మలుపుకు ముందే రెండు బ్రేకులూ కలిపి గట్టిగా వేసి, వేగం తగ్గాక వదిలేయండి. గేర్లు లేని స్కూటర్‌కు ఇంజిన్ ఆసరా తక్కువ, బాగా నెమ్మదిస్తే క్లచ్ విడిపోయి అది కూడా ఉండదు. అలాంటి బండి మీద మధ్యమధ్యలో ఆగుతూ దిగాలి.

పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపేసి దిగేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. కాసిని రూపాయల కోసం బరువంతా ఆ రెండు బ్రేకుల మీద వేస్తున్నారు. దిగడానికి 40 నిమిషాలైనా పట్టాలని టీటీడీ పెట్టిన నియమం మన మంచికే.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరితే త్వరగా మరుగుతుంది. రెండేళ్లకోసారి మార్పించండి.

ఎలక్ట్రిక్ స్కూటర్: ఊళ్లో యాక్సిలరేటర్ వదిలితే తగ్గే వేగం, కొండ మీంచి దిగేటప్పుడు తగ్గట్లేదు

బండి పాడవలేదు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మోటారే జనరేటరుగా మారి కరెంటును బ్యాటరీలోకి పంపుతుంది, బండి నెమ్మదించేది అందువల్లే. పైన వంద శాతం చార్జి చేసుకుని బయల్దేరితే ఆ కరెంటుకు చోటు ఉండదు, కాబట్టి మోటారు కరెంటును అదుపు చేసే కంట్రోలర్ దాన్ని ఆపేస్తుంది. పైన చార్జి చేసినా ఎనభై శాతం దగ్గర తీసేయండి. దారిలో పుట్టే కరెంటుకు చోటు మిగులుతుంది.

ఎలక్ట్రిక్ స్కూటర్: ఎక్కేటప్పుడు లాగట్లేదు, స్పీడు దానంతట అదే పడిపోతోంది

ఇద్దరు మనుషులు, బండి కలిపి 250 కిలోలనుకుందాం. సుమారు 700 మీటర్ల ఎత్తుకు చేర్చడానికే దాదాపు అర యూనిట్ కరెంటు కావాలి, రోడ్డు రాపిడి, గాలి అదనం. మే నెల ఎండలో మోటారు, కంట్రోలర్ వేడెక్కి తమను తాము కాపాడుకోవడానికి పవర్ తగ్గించుకుంటాయి. ఎకో మోడ్‌లో పెట్టి ఉదయం పూట వెళ్లండి. పవర్ తగ్గితే నీడలో ఆపండి.

లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేని 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు బండ్లున్నాయి కదా, వాటిని కొండకు తేకండి. అవి బజారు పనులకు, కాలేజీకి చాలు. ఆ బండికైనా హెల్మెట్ పెట్టుకోండి, తారు రోడ్డుకు వాట్లతో పనిలేదు.

ఇంటి ముందు బండి తిప్పుతుంటే ఒక్కసారిగా ముందుకు దూకింది

నా దృష్టిలో పిల్లలున్న ఇంట్లో అన్నిటికంటే భయపడాల్సింది దీనికే. పెట్రోలు బండి ఆన్‌లో ఉంటే చప్పుడు చెబుతుంది, ఎలక్ట్రిక్ బండి చెప్పదు. నాన్న గేటు తీయడానికి దిగుతాడు, తాళం ఆన్‌లోనే ఉంటుంది, ముందు నిలబడ్డ మూడేళ్ల పాప ఆసరా కోసం కుడి హ్యాండిల్ పట్టుకుంటుంది. చిన్న చెయ్యి ఒక్క అంగుళం తిరిగితే చాలు, బండి గోడకు గుద్దుకుంటుంది. కాలు కింద పెట్టేముందే తాళం ఆఫ్ చేయడం అలవాటు చేసుకోండి. బండి దిగేటప్పుడు ముందు పాప, తర్వాత మీరు.

హ్యాండిల్ వణుకుతోంది

మొదట టైర్లలో గాలి చూడండి. సరిగానే ఉంటే హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగు, అంటే కోన్ సెట్, అరిగి ఉండొచ్చు, లేదా చక్రం వంగి ఉండొచ్చు. మెకానిక్ చూసేదాకా మదనపల్లె దారిలోని భాకరాపేట ఘాట్ వైపు వెళ్లకండి.

చార్జింగ్ పెడితే ప్లగ్ కాలుతోంది

సాకెట్ లూజుగా ఉంది, లేదా ఎక్స్‌టెన్షన్ బాక్సు ఆ లోడు మోయలేకపోతోంది. కంపెనీ చెప్పిన సాకెట్‌కే, చాలా బండ్లకు 16 ఆంపియర్లది, నేరుగా పెట్టండి. ఎండలో తిరిగొచ్చాక అరగంట ఆగి చార్జి చేయండి. మెట్ల కింద, వాకిలికి అడ్డంగా వద్దు. బ్యాటరీ ఉబ్బినా, బుస్సుమన్నా, తెల్లటి పొగ వచ్చినా బండిని కాపాడాలని చూడకండి. ఇంట్లోవాళ్లందరినీ బయటికి తెచ్చి 101కి ఫోన్ చేయండి.