సింఫనీలో లయ, శ్రుతి, భావం చెవితో పట్టుకోవడం ఎలా? చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ చివరి భాగంతో ఒక సాధన

సింఫనీ, అంటే పెద్ద వాద్యబృందం కోసం భాగాలుగా రాసిన సంగీతం, విందామని కూర్చున్నవాళ్లను ముందుగా బెదరగొట్టేది పేర్లే. మనం వినబోయే నాలుగో, చివరి భాగం మీద ‘అడాజియో లమెంతోసో, బి మైనర్’ అని కనిపిస్తుంది. అడాజియో అంటే నెమ్మదిగా, లమెంతోసో అంటే విలపిస్తున్నట్టు, బి మైనర్ అంటే శ్రుతి (బి), స్వరాల అమరిక (మైనర్). ఈ మూడూ చదివి నమ్మేకంటే విని తేల్చుకుంటే ఆ సంగీతం మన సొంతమవుతుంది. కర్ణాటక సంగీతం కాస్త పరిచయం ఉన్నవాళ్లకు ఇది అనుకున్నంత కష్టం కూడా కాదు.

రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ ఈ ఆరో సింఫనీని 1893 అక్టోబరు 28న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తనే వాద్యబృందాన్ని నడిపించి తొలిసారి వినిపించాడు. తొమ్మిది రోజులకే చనిపోయాడు. ఈ కథ మనసులో పెట్టుకుని వింటే ప్రతి స్వరంలోనూ చావే వినిపిస్తుంది. అందుకే కాసేపు దాన్ని పక్కన పెట్టండి.

1. మూడో భాగం చివరి నిమిషం నుంచి మొదలుపెట్టండి

అది జి మేజర్‌లో ఉరకలెత్తే మార్చ్, అంటే కవాతు పాట. సింఫనీ అయిపోయిందనుకుని హాల్లో జనం చప్పట్లు కొట్టేస్తుంటారు. ఆ హోరు చెవుల్లో ఉండగానే నాలుగో భాగంలోకి వెళ్లండి. ఆ తేడా తెలియకపోతే సగం విషయం జారిపోతుంది.

2. లయ లెక్కపెట్టండి

మూడేసి దెబ్బల నడక ఇది. వేలితో మోకాలి మీద తట్టుతూ 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో చూసి నాలుగుతో హెచ్చించండి. మొదట్లో ఒకసారి, కాస్త ఊరట కలిగించే రెండో పాట వచ్చినప్పుడు ఒకసారి, ఉధృతంగా ఉన్నచోట ఒకసారి. మూడు అంకెలూ వేరువేరుగా వస్తే మీ లెక్క తప్పిందని టెన్షన్ పడకండి. తాళం తప్పకూడదని నేర్చుకున్న మనకు ఇది వింతగా ఉంటుంది కానీ, ఇక్కడ లయను సాగదీయడం, తొందరపెట్టడం కూడా భావంలో భాగమే. కండక్టర్ లియొనార్డ్ బెర్న్‌స్టీన్ 1986లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో చేసిన రికార్డింగ్‌లో ఈ ఒక్క భాగమే సుమారు 17 నిమిషాలు నడుస్తుంది. చాలామంది పది, పదకొండు నిమిషాల్లో ముగిస్తారు. కాగితం మీద మాట మాత్రం అదే, అడాజియో.

3. షడ్జమం (స) వెతకండి

మొదట్లో వెతక్కండి, దొరకదు. తొలి స్వరసమూహమే ఎటూ నిలవనట్టు ఉంటుంది. చివరి అర నిమిషానికి వెళ్లండి. సెల్లోలు, డబుల్ బాస్‌లు అనే పెద్ద తంత్రీవాద్యాలు అడుగున పట్టుకుని ఆగిపోయే స్వరమే బి, హార్మోనియంలో ఏడో తెల్లమెట్టు. ఫోన్‌లో తంబూరా యాప్‌ను దానికి పెట్టి గొంతు కలిపి, తర్వాత ఆపేయండి. ఇక్కడ అడుగున స్వరాలు మారుతూనే ఉంటాయి కాబట్టి తంబూరా మోగుతూ ఉంటే చెవికి గుచ్చుకుంటుంది.

ఇప్పుడు మొదటికి వచ్చి ఆ పాటను పాడండి: ప మ గ రి స, రి. గాంధారం సాధారణ గాంధారం. స్వరస్థానాలు నఠభైరవి రాగానివి. అక్కడక్కడా కాకలి నిషాదం తగిలి కీరవాణి రాగం తలపుకొస్తుంది. రాగం అనలేం, స్వరాలను ఊపే గమకాలు లేవు. దారి దొరకడానికి మాత్రం ఇది చాలు.

ఇక్కడో అద్భుతం ఉంది. మీరిప్పుడు పాడిన వరసను మొదటిసారి వాద్యబృందంలో ఎవరూ వాయించడం లేదు! ‘ప’ రెండో వయొలిన్లది, ‘మ’ మొదటి వయొలిన్లది, ‘గ’ మళ్లీ రెండోవాళ్లది. ఒక్కో జట్టు విడిగా వాయిస్తే ఎగుడుదిగుడు స్వరాలే తప్ప పాట ఉండదు. దాన్ని కలిపి కుట్టేది మన చెవి. రెండు జట్లూ వేదికకు చెరోవైపు కూర్చున్న రికార్డింగ్ దొరికితే ఒక ఇయర్‌ఫోన్ తీసి వినండి, పూర్తిగా కాకపోయినా పాట చిరుగుతున్నట్టు తెలుస్తుంది. తర్వాత ఇదే పాట తిరిగొచ్చినప్పుడు మొదటి వయొలిన్లే మొత్తం వాయిస్తాయి. రెండుచోట్లా దుఃఖం ఒకేలా ఉందా? నాకైతే మొదటిది గొంతు పెగలని ఏడుపులా, రెండోది బయటపడిన ఏడుపులా వినిపిస్తుంది.

రెండో పాట డి మేజర్‌లో వస్తుంది, కింద హార్న్‌లు అనే ఇత్తడి వాద్యాలు గుండెలా కొట్టుకుంటుంటాయి. డి అంటే మన పాత గాంధారమే. గ్రహభేదం (ఆధార స్వరాన్ని మార్చి చూడటం) తెలిసినవాళ్లకు వెంటనే వెలుగుతుంది: నఠభైరవిలో ‘గ’ని ‘స’ చేసుకుంటే శంకరాభరణం రాగం. స్వరాలు అవే, ఇల్లు మారింది.

4. భావం పేరు చివర్లో రాయండి

చివరి మూడు నిమిషాలు కళ్లు మూసుకుని వినండి. టామ్‌టామ్ అనే పెద్ద కంచు గంట మెల్లగా ఒక్కసారి మోగుతుంది. ట్రాంబోన్లు, ట్యూబా అనే ఇత్తడి వాద్యాలు లోగొంతుకతో ఏదో ప్రార్థనలాంటిది పలుకుతాయి. ఆ తర్వాత వచ్చేది ఇందాకటి ఊరట పాటే, ఈసారి బి మైనర్‌లో. శంకరాభరణంలో ఓదార్చిన పాట నఠభైరవిలోకి తిరిగొచ్చింది. ‘విషాదం’ అని ఒక్క మాట రాసి వదిలేయకండి. ఎక్కడ ప్రాధేయపడింది, ఎక్కడ ఎదురుతిరిగింది, ఎక్కడ చేతులు వదిలేసింది, నిమిషాలతో సహా రాసుకోండి.

ఒక్క జాగ్రత్త. వినడం మొదలుపెట్టే ముందే ఆటోప్లే ఆపేయండి. చివరి స్వరాలు వినీవినపడనంత సన్నగిల్లి ఆగుతాయి. ఆ నిశ్శబ్దంలోకి ఇంకో పాట దూకకూడదు.