రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం, విమాన సమయం లెక్క కట్టడం ఎలా?

మ్యాపు మీద స్కేలు పెట్టి కొలవకండి. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే అది ఏ దారిన పడుతుందో అదే దగ్గరి దారి. లండన్–న్యూయార్క్ విమానం మ్యాపులో ఉత్తరానికి వంగి వెళ్తున్నట్టు కనబడేది అందుకే.

ముందు ఊరు కాదు, ఎయిర్‌పోర్టు ఖాయం చేసుకోండి. సిడ్నీ ఆస్ట్రేలియాలో ఉంది (కోడ్ ఎస్‌వైడీ), కెనడాలోనూ ఉంది (వైక్యూవై). రెండూ కలగాపులగమైతే లెక్క ఇంకో ఖండానికి పోతుంది.

తర్వాత అక్షాంశ రేఖాంశాలు దశాంశాల్లో రాసుకోండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: 51°28′ అంటే 51.28 కాదు, 28ని 60తో భాగించాలి, 51.47 అవుతుంది. దక్షిణానికీ పశ్చిమానికీ మైనస్ గుర్తు. లండన్ హీత్రో: 51.47, −0.45. న్యూయార్క్ జేఎఫ్‌కే: 40.64, −73.78. రేఖాంశాల తేడా 73.33.

ఇక సూత్రం. రెండు అక్షాంశాల సైన్‌లను (క్యాలిక్యులేటర్‌లో sin) గుణించండి: 0.5095. వాటి కొసైన్‌లను (cos) గుణించి, దాన్ని రేఖాంశాల తేడా కొసైన్‌తో మళ్లీ గుణించండి: 0.1356. రెండూ కలిపితే 0.6451. దీనికి విలోమ కొసైన్ (cos⁻¹) తీస్తే 49.83 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీ దాదాపు 111.19 కిలోమీటర్లు కాబట్టి దూరం సుమారు 5,540 కిలోమీటర్లు. విమానాలు, ఓడల వాళ్లు వాడే నాటికల్ మైళ్లు కావాలంటే 1.852తో భాగించండి. సమాధానం అడ్డదిడ్డంగా వస్తే క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో కాక రేడియన్‌లలో (కోణానికి ఇంకో కొలత) ఉందేమో చూడండి. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉంటుంది గనక అర శాతం వరకు తేడా రావచ్చు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

దూరం ఒక్కటే అంకె. సమయం అలా కాదు. పెద్ద జెట్ గాలి లేనప్పుడు గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. కానీ 9–12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ వీస్తుంది, చలికాలంలో మరీ జోరుగా. సగటున గంటకు 100 కిలోమీటర్ల గాలి అనుకుందాం. తూర్పుకు గాలి వేగం కలుస్తుంది, పడమరకు తగ్గుతుంది. తూర్పుకు 5,540 ÷ 1,000, అంటే 5 గంటల 32 నిమిషాలు. పడమరకు 5,540 ÷ 800, 6 గంటల 55 నిమిషాలు. ఎక్కడానికి, దిగడానికి ఇంకో అరగంట కలపండి. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి తోడై ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. అలాంటి రోజును లెక్కకు ఆధారం చేసుకోవద్దు.

టికెట్ మీద ఉండేది ఇంకా ఎక్కువ. అది గేటు నుంచి గేటుకు పట్టే సమయం, రన్‌వే దాకా పాకడం కూడా అందులోనే. మూసిన గగనతలం చుట్టూ తిరిగితే దూరమే పెరుగుతుంది: 2022లో రష్యా దారి మూతపడ్డాక హెల్సింకి–టోక్యో ప్రయాణం తొమ్మిదిన్నర గంటల నుంచి దాదాపు 13 గంటలకు చేరింది.

టికెట్ నుంచే సమయం తీయాలంటే గడియారాలను ముందు ఒకే టైముకు తెచ్చుకోవాలి. లండన్‌లో 11:00కి బయల్దేరి న్యూయార్క్‌లో 14:00కి దిగితే 3 గంటలు కాదు, 5 గంటల తేడా కలిపి 8. మార్చిలో అమెరికా గడియారాలు బ్రిటన్ కంటే రెండు మూడు వారాలు ముందే మారతాయి. ఆ రోజుల్లో తేడా 4 గంటలే.