నాయన అంబాసిడర్‌కు జోడీ కార్బురేటర్లు

మా బండి 1978 మోడల్ అంబాసిడర్ మార్క్ 3. నాయన దాన్ని కడప, రాయచోటి మధ్య టాక్సీగా తిప్పాడు. నిండా జనాన్ని ఎక్కించుకుని గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు సెకండ్ గేర్లో అది పడే ఆయాసం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ ఆయాసం తగ్గించాలనే ఈ బండికి రెండు ఎస్‌యూ రకం కార్బురేటర్లు (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజన్‌కు అందించేవి) వేశాను. మీ దగ్గర 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్ ఉంటే మీరూ వేసుకోవచ్చు.

రెండు ఎందుకంటే, ఇది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్ ఇంజన్. 1955లో వచ్చిన ఎంజీ కంపెనీ ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఇదే 1489 సీసీ ఇంజన్‌ను ఒకటిన్నర అంగుళాల ఎస్‌యూ కార్బురేటర్లు రెండు పెట్టి వాడారు. మొదట్లో దానికి 68 హార్స్ పవర్ వచ్చేది. ఈ హెడ్‌లో గాలి లోపలికి పోయే దారులు రెండే. 1, 2 సిలిండర్లకు ఒకటి, 3, 4 సిలిండర్లకు ఒకటి. ఒక్కో దారికి ఒక్కో కార్బురేటర్ అంటే అది ఈ ఇంజన్‌కు అతికినట్టు సరిపోయే ఏర్పాటు. అయితే 68 మీద ఆశ పెట్టుకోవద్దు. ఎంజీఏకు కంప్రెషన్ ఎక్కువ, వాల్వులు పెద్దవి. మనకు దక్కేది థర్డ్ గేర్లో లాగే శక్తి. ఘాట్ మీద కావాల్సింది అదే.

ముందు కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఎంత బిగువుగా నొక్కుకుంటుందో) చూడండి. నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి గేజ్ పెట్టాలి. నాలుగు రీడింగుల మధ్య తేడా పది శాతం దాటకూడదు. ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే టాపెట్ గ్యాప్ (వాల్వు మూసుకున్నప్పుడు దాని పైన ఉండాల్సిన సందు) చూడండి. 2000లో సీసం కలిపిన పెట్రోల్ ఆగిపోయాక ఈ పాత హెడ్‌లలో ఎగ్జాస్ట్ వాల్వు సీటు మెల్లగా లోపలికి దిగుతూ గ్యాప్‌ను మూసేస్తుంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల గ్యాప్ 0.015 అంగుళం, ప్లగ్ గ్యాప్ 0.025 అంగుళం పెట్టుకోండి. ఇవి సరిగ్గా లేకుండా కార్బురేటర్ ముట్టుకుంటే తప్పు ఎక్కడుందో జన్మలో దొరకదు.

కార్బురేటర్లు పాతవే దొరుకుతాయి. కొనేటప్పుడు థ్రాటిల్ స్పిండిల్ (గాలి దారిని తెరిచి మూసే రేకును తిప్పే కడ్డీ) కొసను రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. కొద్దిగా ఆడినా వద్దనండి. నేను ఆ పని చేయకుండా కొన్నాను. అమ్మినాయన "కండిషన్" అన్నాడు, నమ్మాను. బిగించాక ఐడ్లింగ్ నిలబడలేదు, పెరుగుతుంది, పడిపోతుంది. మూడు రోజులు డిస్ట్రిబ్యూటర్‌నే అనుమానించాను. నాలుగో రోజు ఇంజన్ నడుస్తుండగా వెనక కార్బురేటర్ స్పిండిల్ కొసన ఒక్క చుక్క ఇంజన్ ఆయిల్ వేశాను. చుక్క అక్కడ నిలవలేదు, కళ్ల ముందే లోపలికి జారిపోయింది. ఆ క్షణంలో ఇంజన్ శబ్దం మారి కుదురుగా నడిచింది, ఆయిల్ ఇంకిపోగానే మళ్లీ మొదలు. లేత్ షాపుకు పట్టుకుపోతే ఆ అన్న వెలుతురుకు ఎత్తి చూసి, "స్పిండిల్ మార్చినా లాభం లేదు సామీ, బాడీలో రంధ్రమే అరిగింది. బుష్ వెయ్యాల" అన్నాడు. రెండింటికీ ఇత్తడి బుష్‌లు వేసి, కొత్త స్పిండిళ్లు పెట్టాకే బండి దారికొచ్చింది. గాలి లీక్ ఎక్కడ అనుమానమున్నా ఈ ఆయిల్ చుక్కతోనే చూడండి. వేడి ఇంజన్ మీద పెట్రోల్ చిమ్మి చూసేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి.

కార్బురేటర్ లోపల జెట్ అనే రంధ్రంలోకి దిగి పెట్రోల్‌ను కొలిచి వదిలేది నీడిల్. రెండు నీడిళ్ల మెడ మీదా ఒకే నంబరు ఉండాలి. నీడిల్‌ను మోసే కార్బురేటర్ పిస్టన్‌ను (ఇంజన్ పిస్టన్ కాదు) వేలితో ఎత్తి వదిలితే అడ్డం లేకుండా జారి, కింద "టక్" మని తగలాలి. తగలకపోతే జెట్ మధ్యలో లేదని అర్థం. ఆ పిస్టన్ కుదుపును ఆపడానికి పైన డ్యాష్‌పాట్ గొట్టంలో పోసే ఆయిల్‌కు పాత లెక్క 20 గ్రేడ్. మన ఎండలకు నేను 20డబ్ల్యూ50 పోస్తాను.

మ్యానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి ఇంజన్‌కు గాలి పోయే గొట్టం) ఎంజీ కార్లకు వచ్చే జోడీ రకమే కావాలి. మా బండిలో పాత ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ఎగ్జాస్ట్ మీద కూర్చుని దాని వేడి తీసుకునేది. దాన్ని తీసేశాక ఎగ్జాస్ట్ పైన మిగిలిన రంధ్రాన్ని మందపాటి ఇనుప పలకతో మూయించాను. కార్బురేటర్లు, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన, ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి మధ్యలో రేకు అడ్డం తప్పనిసరి. కార్బురేటర్‌కూ మ్యానిఫోల్డ్‌కూ మధ్య వేడిని ఆపే మందపాటి స్పేసర్లు కూడా వేయండి. కడప మే నెలలో ఇవి లేకపోతే బండి ఆపిన పది నిమిషాలకు కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ మరిగిపోతుంది.

పెట్రోల్ పంపు పాతదే చాలు. ఇంజెక్షన్ కార్ల ఎలక్ట్రిక్ పంపు మాత్రం పెట్టొద్దు. ఎస్‌యూ ఫ్లోట్ నీడిల్ తట్టుకునేది మూడు పీఎస్ఐ (పీడనం కొలత) వరకు, ఆ పంపు ఇచ్చేది నలభై పైనే. పొంగిన పెట్రోల్ నేరుగా ఎగ్జాస్ట్ మీద పడుతుంది. పైపులు, పంపు డయాఫ్రమ్ ఇథనాల్‌కు తట్టుకునే రబ్బరువే తీసుకోండి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న, ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోల్ పాత రబ్బరును ఉబ్బించి పాడు చేస్తుంది. ఎయిర్ ఫిల్టర్లు లేకుండా బండిని గేటు దాటించొద్దు. నాపరాళ్ల ఫ్యాక్టరీల దుమ్ము ఇంజన్‌లోకి పోతే సిలిండర్లు, రింగులు అరిగిపోతాయి.

ఇక ట్యూనింగ్. దీనికి తెల్లవారుజాము మంచిది, వీధి నిశ్శబ్దంగా ఉంటుంది. ముందు ఫిల్టర్లు తీసి పక్కన పెట్టండి. రెండు జెట్‌లనూ పై అంచుకు సమంగా తెచ్చి, అక్కడి నుంచి జెట్ కింది నట్టును రెండు చుట్లు కిందికి దింపండి. రెండు కార్బురేటర్లనూ కలిపే కడ్డీ క్లాంపులు వదులు చేయండి. థ్రాటిల్ స్క్రూలు పూర్తిగా వెనక్కి తిప్పి, తగిలీ తగలనట్టు ఆపి, ఒక్కోదాన్ని ఒకటిన్నర చుట్టు లోపలికి తిప్పండి. ఇంజన్ బాగా వేడెక్కనివ్వండి.

మూరెడు రబ్బరు పైపు తీసుకోండి. ఒక కొస చెవిలో, ఇంకో కొస ముందు కార్బురేటర్ నోటి దగ్గర. "స్‌స్‌" మని పీల్పు వినిపిస్తుంది. పైపును వెనకదాని నోటి దగ్గర అదే చోట పెట్టండి. ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా వినిపిస్తే రెండూ సమంగా పీల్చడం లేదు. ఎక్కువ పీల్చేదాని స్క్రూ కాస్త వెనక్కి, తక్కువదాన్ని కాస్త ముందుకు. తొందరపడొద్దు. గేజీలు దొరుకుతాయి కానీ నాకు చెవే నమ్మకం. పైపు ముందుకు పెట్టినా వెనక్కి పెట్టినా ఒకే శబ్దం వినిపించిన రోజు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ ఇంజన్ అంత నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం నేనెప్పుడూ వినలేదు.

తరువాత మిక్స్‌చర్, అంటే గాలీ పెట్రోలూ కలిసే పాళ్లు. ఒక కార్బురేటర్ పిస్టన్‌ను గోరు మందం మాత్రం ఎత్తండి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ, నట్టు పైకి తిప్పండి. ఆగిపోబోతే తక్కువ, కిందికి దింపండి. కొద్దిగా పెరిగి వెంటనే సర్దుకుంటే సరి. రెండోదానికీ ఇంతే, మళ్లీ మొదటిదాన్ని చూడాలి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఇ20తో మిక్స్‌చర్ పలచబడుతుంది, అంటే గాలికి తగ్గ ఇంధనం తక్కువవుతుంది. పాత పుస్తకాల్లో చెప్పినదానికంటే జెట్‌ను కొంచెం దించాల్సి వచ్చింది నాకు. పీల్పు శబ్దం మళ్లీ ఒకసారి సరిచూసుకుని, రెండు థ్రాటిళ్లూ ఒకే క్షణంలో కదిలేలా కడ్డీ క్లాంపులు బిగించండి. ఫిల్టర్లు పెట్టేసి పొల్యూషన్ సెంటర్‌కు పోండి. ఇలాంటి పాత పెట్రోల్ కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం దాటకూడదు. ఆ చీటీయే మీ ట్యూనింగ్‌కు మార్కుల కాగితం.

చివరి పరీక్ష నాకు గువ్వలచెరువు ఘాటే. పెట్రోల్ వాసన వచ్చినా, ఎక్కడ తడి కనిపించినా బయలుదేరొద్దు. కడప నుంచి బయలుదేరి, ఘాట్ మొదలయ్యే ముందు చదునైన రోడ్డు మీద బాగా లాగించి పక్కకు ఆపి, ఒక ప్లగ్ తీసి చూశాను. లేత గోధుమ రంగు. తెల్లగా ఉంటే అక్కడి నుంచే వెనక్కి తిరిగేవాణ్ని, పలచని మిక్స్‌చర్‌తో ఘాట్ ఎక్కితే పిస్టన్ కాలుతుంది. నలుగురం ఉన్నాం, ఎక్కువ దూరం థర్డ్ గేర్లోనే ఎక్కింది. గువ్వలచెరువులో పాలకోవా కొనుక్కుని, బానెట్ ఎత్తి పావుగంట నిలిపి, తాళం తిప్పాను. రెండో చుట్టుకే అందుకుంది. మరుసటి రోజు ఇంజన్ పూర్తిగా చల్లారాక మ్యానిఫోల్డ్ నట్లు మళ్లీ బిగిస్తే ఒక్కోటి పావు చుట్టు తిరిగాయి.