ఇంటి దగ్గరే జన్యుశాస్త్రం – 5: సికిల్ సెల్ గళ్ళు, మలేరియా లెక్క

ముందు కిందటి పాఠంలో ఇచ్చిన లెక్క తేల్చేద్దాం. పొడుగు బఠాణీ మొక్క ఒకటి మీ చేతికిచ్చి, అది శుద్ధమైనదా, లోపల పొట్టి జన్యువును దాచుకున్నదా కనిపెట్టమన్నాను. దాన్ని పొట్టి మొక్కతో సంకరం చేయాలి. పిల్ల మొక్కల్లో ఒక్కటి పొట్టిగా వచ్చినా సరే, మీ మొక్క పొట్టి జన్యువును దాచుకున్నట్టే. దీన్ని పరీక్షా సంకరణం అంటారు.

మనుషుల విషయంలో ఆ పని చేయలేం. అక్కడ మనకు దొరికే ఆధారాలు వంశవృక్షం, రక్తపరీక్ష. ఆ రెండిటితో ఈసారి ఒకే ఒక్క జన్యువును పట్టుకుని, ముందు ఒక ఇంట్లో, తర్వాత ఊళ్ళో, ఆ తర్వాత తరతరాల్లో అది ఎలా నడుస్తుందో లెక్క వేసి చూద్దాం. సికిల్ సెల్ జబ్బుకు కారణమైన జన్యువు అది. విదర్భ, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లోనూ, మన రెండు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఈ జబ్బుతో బతుకుతున్న కుటుంబాలున్నాయి. అందుకే బఠాణీలను పక్కన పెట్టి దీన్ని తీసుకున్నాను. కాగితం, పెన్సిల్, రెండు రూపాయి బిళ్ళలు దగ్గర పెట్టుకోండి.

ఒక్క అక్షరం తేడా

ఎర్ర రక్తకణాల నిండా ఉండేది హిమోగ్లోబిన్. ఒక్కో హిమోగ్లోబిన్ అణువులో నాలుగు గొలుసులుంటాయి: రెండు ఆల్ఫా, రెండు బీటా. బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్‌ను కట్టే ఇటుకలు, వరసగా ఉంటాయి. ఆ వరస ఎలా ఉండాలో చెప్పే జన్యువు మన 11వ క్రోమోజోమ్ మీద ఉంది. అందులో ఆరో అమైనో ఆమ్లానికి సంబంధించిన మూడు డీఎన్ఏ అక్షరాల మాట మామూలుగా జీఏజీ. మధ్యలో ఏ పోయి టీ వస్తే జీటీజీ అవుతుంది. మార్పు అంతే. కానీ దానివల్ల గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వచ్చి కూర్చుంటుంది.

గ్లుటామిక్ ఆమ్లం నీటితో కలిసిపోయే రకం. వాలీన్ నీటికి దూరంగా జరిగే రకం. రక్తకణం ఒంట్లోని భాగాలకు ఆక్సిజన్ ఇచ్చేశాక, ఈ వాలీన్ ఉన్న చోట హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడుగాటి పోగులవుతాయి. ఆ పోగులు కణాన్ని లోపలి నుంచి సాగదీసి కొడవలిలా వంచేస్తాయి. మామూలు ఎర్రకణం 120 రోజుల దాకా బతుకుతుంది. ఈ వంగిన కణాలు 10 నుంచి 20 రోజులకే పగిలిపోతాయి, కాబట్టి రక్తహీనత వస్తుంది. అవి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటే ఎముకల్లో, ఛాతీలో భరించలేని నొప్పి, ఒక్కోసారి పక్షవాతం.

1949లో అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ బృందం విద్యుత్ క్షేత్రంలో హిమోగ్లోబిన్‌ను కదిలించి చూసింది. రోగుల హిమోగ్లోబిన్ ఒక తీరులో, ఆరోగ్యవంతులది మరో తీరులో కదిలింది. జబ్బు లేకుండా ఒక్క సికిల్ జన్యువు మాత్రమే ఉన్నవాళ్ళలో రెండు రకాలూ కనిపించాయి. ఆ తేడా ఒక్క అమైనో ఆమ్లానిదేనని కొన్నేళ్ళకు వెర్నన్ ఇంగ్రమ్ తేల్చాడు. ఒక జబ్బును ఒక అణువులోని ఫలానా చోటు దాకా వెంటాడి పట్టుకోవడం అదే మొదలు.

ఇంటి లెక్క

మామూలు జన్యువును ఏ అనీ, సికిల్ జన్యువును ఎస్ అనీ పిలుద్దాం. ప్రతి మనిషిలో రెండు ప్రతులుంటాయి కాబట్టి మూడే వీలున్నాయి. ఏ-ఏ అయితే ఏ ఇబ్బందీ లేదు. ఎస్-ఎస్ అయితే జబ్బు. ఏ-ఎస్ అయితే క్యారియర్. వీళ్ళు రోగులు కాదు, సాధారణంగా ఏ లక్షణమూ ఉండదు.

భార్యాభర్తలిద్దరూ ఏ-ఎస్ అనుకోండి. నాలుగు గళ్ళు గీయండి. పైన అమ్మవి ఏ, ఎస్; పక్కన నాన్నవి ఏ, ఎస్. గళ్ళు నింపితే ఒకటి ఏ-ఏ, రెండు ఏ-ఎస్, ఒకటి ఎస్-ఎస్. అంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

ఇక్కడ చాలామంది తప్పులో కాలేస్తారు. “నలుగురు పిల్లల్లో ఒకరికి వస్తుంది” అని దీన్ని అర్థం చేసుకుంటారు. ఇప్పుడు రూపాయి బిళ్ళలు తీయండి. ఒకటి అమ్మ, ఒకటి నాన్న. బొమ్మ పడితే ఏ, బొరుసు పడితే ఎస్. రెండూ కలిపి ఒకసారి ఎగరేస్తే ఒక బిడ్డ. నాలుగుసార్లు ఎగరేసి ఒక వరసలో రాస్తే నలుగురు పిల్లల కుటుంబం. ఇలా ఇరవై కుటుంబాలు రాయండి, బద్ధకించకండి. కొన్ని ఇళ్ళలో ఎస్-ఎస్ ఒక్కటీ ఉండదు. కొన్నిట్లో రెండుంటాయి, ఒక్కోసారి మూడు. నలుగురిలో ఒక్కరికీ రాకుండా ఉండే అవకాశం ముప్పావును నాలుగుసార్లు హెచ్చిస్తే వస్తుంది: 256లో 81, సుమారు 32 శాతం. క్యారియర్ జంటలకు నలుగురేసి పిల్లలుంటే, మూడోవంతుకు కొంచెం తక్కువ ఇళ్ళలో జబ్బు పైకే రాదు.

మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి ఇక మిగతావాళ్ళకు భయం లేదు అనుకోవడం కూడా ఇలాంటి పొరపాటే. బిళ్ళకు పాత ఫలితం గుర్తుండదు. రెండో కాన్పులోనూ అదే నాలుగింట ఒకటి.

ఇంకో మాట. ఎస్-ఎస్ బిడ్డకు ఒక ఎస్ తల్లి నుంచి, ఒక ఎస్ తండ్రి నుంచి వచ్చి తీరాలి. “కోడలి వైపు నుంచి వచ్చిన రోగం” అన్న మాట మీ ఎదుట ఎవరైనా అంటే, ఊరుకోకుండా ఈ నాలుగు గళ్ళూ గీసి చూపించండి. ఈ పాఠం మొత్తంలో ఇదొక్కటి నేర్చుకున్నా ఒక ఆడపిల్లకు మేలు జరుగుతుంది.

ఎస్ అంతర్గతమా, బహిర్గతమా (ఒక్క ప్రతి ఉన్నా బయటపడేదా)? బఠాణీలప్పుడు ఈ ప్రశ్నకు ఒక్కటే జవాబు ఉండేది. ఇక్కడ అలా కుదరదు. జబ్బును చూస్తే ఎస్ అంతర్గతం, రెండు ప్రతులుంటేనే బయటపడుతుంది. పరీక్షనాళికలో హిమోగ్లోబిన్‌ను చూస్తే ఏ, ఎస్ రెండూ కనిపిస్తాయి, కాబట్టి సహ బహిర్గతం. మలేరియాను చూస్తే ఒక్క ఎస్ ఉన్నా ప్రభావం తెలుస్తుంది, ఆ సంగతి కింద చూద్దాం. మనం కొలిచే లక్షణాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఊరి లెక్క

ఇప్పుడు ఒక పెద్ద జనసమూహాన్ని ఊహించుకోండి. అందరి జన్యువులూ కలిపి చూస్తే పదింట ఒకటి ఎస్, తొమ్మిది ఏ. వెయ్యిమంది పిల్లలు పుడితే ఎవరెందరు? గళ్ళ పద్ధతే, కాకపోతే ఈసారి బిళ్ళకు రెండు వైపులూ సమానం కాదు. ఏ-ఏ: పదింట తొమ్మిదిని పదింట తొమ్మిదితో హెచ్చిస్తే వందకు 81, అంటే 810 మంది. ఎస్-ఎస్: వందకు ఒకరు, అంటే 10 మంది. మిగిలిన 180 మంది ఏ-ఎస్. 1908లో ఇంగ్లండ్‌లో గణితవేత్త హార్డీ, జర్మనీలో డాక్టర్ వైన్‌బర్గ్ ఎవరికి వారు రాసిన సూత్రం ఇదే. పెళ్ళిళ్ళు ఈ జన్యువుతో సంబంధం లేకుండా జరుగుతుంటే, బయటి నుంచి ఏ ఒత్తిడీ లేకపోతే, ఈ వాటాలు తరం తర్వాత తరం అలాగే ఉంటాయి. మన దగ్గర పెళ్ళిళ్ళు ఎక్కువగా సొంత కులంలో, సొంత తెగలో జరుగుతాయి. కాబట్టి జిల్లా మొత్తానికి ఒకే లెక్క వేయకూడదు, ఒక్కో సమూహానికి విడిగా వేసుకోవాలి.

ఈ అంకెల్లో ఒకటి పట్టి చూడండి. రోగులు 10 మంది, క్యారియర్లు 180 మంది. మొత్తం 200 ఎస్ జన్యువుల్లో రోగుల దగ్గరున్నవి 20 మాత్రమే. మిగతా 180 ఏ జబ్బూ లేనివాళ్ళలో ఉన్నాయి.

వైద్యం లేని కాలంలో ఎస్-ఎస్ పిల్లలెవరూ పెద్దై పిల్లల్ని కనలేదనుకుందాం. మిగిలింది 990 మంది, 1980 జన్యువులు, అందులో ఎస్ 180. వాటా పదకొండింట ఒకటి. తర్వాతి తరానికి ఇదే లెక్క వేస్తే పన్నెండింట ఒకటి, ఆపైన పదమూడింట ఒకటి. సగానికి తగ్గి ఇరవయ్యింట ఒకటి కావాలంటే పది తరాలు, అంటే సుమారు 250 ఏళ్ళు. 20వ శతాబ్దంలో అమెరికాలోని కొన్ని రాష్ట్రాలు, ఆ తర్వాత హిట్లర్ జర్మనీ “చెడ్డ జన్యువులను” ఏరేస్తామంటూ మనుషులకు బలవంతంగా ఆపరేషన్లు చేయించాయి. అది ఘోరమైన అన్యాయం. పైగా వాళ్ళు సైన్స్ పేరు చెప్పుకున్న ఆ వాదం ఈ చిన్న లెక్క ముందే నిలబడదు.

నెమ్మదిగానే అయినా తగ్గుతూ పోవాలి కదా? వందల తరాలు గడిచాక ఎస్ ఎక్కడో ఒకటీ అరా మిగలాలి. కానీ ఆఫ్రికాలో, మన దేశంలో కొన్ని సమూహాల్లో అయిదుగురిలో ఒకరు, ఇంకా ఎక్కువ కూడా, క్యారియర్లు. ఏదో దాన్ని పైకి నెడుతోందన్నమాట.

మలేరియా లెక్క

మలేరియాకీ రక్తజబ్బులకూ సంబంధం ఉండొచ్చని 1949లో రాసినవాడు బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. అప్పుడు ఆయన చెప్పింది థలసీమియా గురించి. ఈయన 1957లో ఇండియాకు వచ్చి, పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. ఆయన కోరిక మేరకు భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. మలేరియా క్రిమిని దోమ పొట్టలో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో, సికింద్రాబాద్‌లో. ఈ కథ రెండు చివరలూ మన నేల మీదున్నాయని మన పిల్లలకు చెప్పాలి.

సికిల్ సెల్ విషయం తేల్చింది ఆంథొనీ అలిసన్ అనే వైద్య పరిశోధకుడు. కెన్యాలో సముద్ర తీరాన, విక్టోరియా సరస్సు చుట్టుపక్కల క్యారియర్లు ఎక్కువ, మలేరియా అంతగా లేని ఎత్తయిన ప్రాంతాల్లో చాలా తక్కువ అని ఆయన గమనించాడు. 1954లో ఆధారాలతో ప్రచురించాడు. క్యారియర్లకు మలేరియా అసలు రాదని కాదు. వస్తుంది, కానీ ప్రాణం మీదకు తెచ్చే తీవ్రమైన ఫాల్సిపేరం రకం మలేరియా వాళ్ళలో చాలా అరుదు. మన దేశంలో సికిల్ జన్యువును మొదట 1952లో నీలగిరి కొండల్లో గుర్తించారు.

ఇక లెక్క. అదే వెయ్యిమంది: 810, 180, 10. మలేరియా కాలం. ఏ-ఏ పిల్లల్లో తొమ్మిదింట ఒకరు మలేరియాతో పోయారనుకోండి, అంటే 90 మంది. మిగిలింది 720. ఏ-ఎస్ పిల్లలు 180 మందీ బతికారు. ఎస్-ఎస్ పిల్లలు పదిమందీ పోయారు. మొత్తం 900 మంది, 1800 జన్యువులు, అందులో ఎస్ 180. వాటా మళ్ళీ సరిగ్గా పదింట ఒకటి!

దాన్ని ఒకసారి మీ చేత్తో వేసి చూడండి. ఒకవైపు జబ్బు ఎస్‌ను తగ్గిస్తోంది, ఇంకోవైపు మలేరియా ఏ-ను తగ్గిస్తోంది. రెండూ సరిసమానమైన చోట వాటా ఆగిపోతుంది. పరిణామం అంటే ఎప్పుడూ ముందుకు నడకే అనుకునేవాళ్ళకు ఈ ఉదాహరణ చూపించాలి. ఇక్కడ గెలిచింది ఏ కాదు, ఎస్ కాదు, రెండూ కలిసున్న జత. కానీ ఆ జత ఎప్పటికీ శుద్ధంగా నిలవదు. ఇద్దరు ఏ-ఎస్‌లు పిల్లల్ని కంటే మళ్ళీ ఆ నాలుగు గళ్ళే. కొందరి రక్షణకు వేరే పిల్లలు మూల్యం చెల్లిస్తున్నారు.

మలేరియా వచ్చింది కాబట్టి ఎస్ పుట్టిందని మాత్రం అనుకోకండి. ఉత్పరివర్తనం డీఎన్ఏను నకలు తీసేటప్పుడు యాదృచ్ఛికంగా జరిగే పొరపాటు. దోమలున్నా లేకపోయినా అది జరుగుతుంది. దోమలున్న చోట అది నిలిచింది, లేనిచోట తెరమరుగైంది. ప్రకృతి వరణం చేసేది ఈ నిలపడం, తీసేయడం మాత్రమే; మార్పును పుట్టించడం కాదు.

ఇప్పుడేం చేయాలి

2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజనులు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో 40 ఏళ్ళలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం లక్ష్యం. మీది గానీ, మీ పెద్దలది గానీ అలాంటి ప్రాంతమైతే పెళ్ళికి ముందో, పిల్లలకు ముందో పరీక్ష చేయించుకోండి. ఏ-ఎస్ అని రాగానే సంబంధం చెడగొట్టుకోనక్కర్లేదు. గళ్ళు గీసి చూడండి: ఏ-ఎస్, ఏ-ఏ జంటకు ఎస్-ఎస్ బిడ్డ పుట్టదు. ఇద్దరూ ఏ-ఎస్ అయితే డాక్టర్‌తో కూర్చుని మాట్లాడుకోవాలి. ఇంట్లో ఎస్-ఎస్ బిడ్డ ఉంటే, మలేరియా రక్షణ వాళ్ళకూ ఉంటుందనుకుని నిర్లక్ష్యం చేయొద్దు. వాళ్ళకు మలేరియా మరింత ప్రమాదం. హైడ్రాక్సీయూరియా లాంటి మందులు నొప్పి దాడులను బాగా తగ్గిస్తాయి.

అభ్యాసం

ఒకటి. తల్లి ఎస్-ఎస్, తండ్రి ఏ-ఎస్. గళ్ళు నింపి, ప్రతి కాన్పులో జబ్బు అవకాశం ఎంతో చెప్పండి.

రెండు. ఒక సమూహంలో ఎస్ వాటా ఇరవయ్యింట ఒకటి. 400 మంది పిల్లలు పుట్టారు: 361, 38, 1. ఎస్-ఎస్ బిడ్డ బతకలేదు. మలేరియా ఏ-ఏ పిల్లల్లో 19 మందిని తీసుకెళ్ళింది. మిగిలినవాళ్ళలో ఎస్ వాటా ఎంత? దోమతెరలు, మందులు వచ్చి ఆ 19 మందీ బతికి ఉంటే ఎంత?

మూడు. మేనరికం లెక్క, కొంచెం నిదానంగా వేయండి. తాత ఏ-ఎస్, నానమ్మ ఏ-ఏ. వాళ్ళ కొడుకు, కూతురు ఇద్దరూ ఏ-ఏ అయిన బయటి సంబంధాలే చేసుకున్నారు. కొడుకు కొడుకు, కూతురు కూతురిని చేసుకున్నాడు. పుట్టబోయే బిడ్డ ఎస్-ఎస్ అయ్యే అవకాశం ఎంత? ఒక్కో మెట్టూ దిగుతూ, తాత దగ్గరున్న ఎస్ కిందకు చేరే అవకాశం ప్రతిసారీ సగమని గుర్తుపెట్టుకోండి. జవాబులు ఆరో పాఠం మొదట్లో.